ఆర్ట్ క్విల్టు కుట్టడానికి కూర్చుంటే చెయ్యి ఆగిపోతా ఉంది, ఏం చెయ్యాలి?

మీరడిగింది క్లుప్తంగా ఇదీ: రెండేళ్ళు బాగానే కుట్టారు, గోడకి తగిలించే చిన్న క్విల్టులు (గుడ్డ ముక్కలు అతికి పొరలుగా కుట్టే, బొంతల్లాంటివి) నాలుగైదు పూర్తి చేశారు. కొన్ని నెలల నించి ఏమీ రావట్లేదు. బీరువా నిండా గుడ్డలున్నాయి, రోజూ రాత్రి ఫోన్లో పిన్‌టరెస్ట్‌లో డిజైన్ల బొమ్మలు చూస్తా పడుకుంటారు, కత్తెర పట్టుకుంటే మాత్రం చెయ్యి ముందుకు పోదు. పైగా అమ్మమ్మగారి వెంకటగిరి చీర ఒకటుంది, దాంతో ఏదన్నా చెయ్యాలని కోరిక, కత్తిరించాలంటే భయం. ఇన్‌స్పిరేషన్ ఎక్కణ్ణించి వస్తుందీ అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తా. ఐడియా కోసం వెతకడం కొన్నాళ్ళు ఆపేయండి. ఇంట్లో ఉన్న గుడ్డల్లోంచి మూడే రంగులు తీసుకుని, పేపరు మీద గీత గియ్యకుండా, అడుగుకి అడుగు దాటని ముక్క ఒకటి ఇవాళే మొదలుపెట్టండి. అది బాగుండక్కర్లేదు, ఎవరికీ చూపించక్కర్లేదు, ఫోటో కూడా తియ్యొద్దు. నేను నెల్లూరులో ఉంటాను, మా జేజి బొంతలు కుట్టేది, నేను ఆ కుట్టుతోనే గోడ క్విల్టులకొచ్చాను, ఇంట్లోనే కొంతమందికి నేర్పిస్తా ఉంటాను కూడా. నా దగ్గరికొచ్చేవాళ్ళలో ఇట్టా ఆగిపోయినోళ్ళని చాలామందిని చూశా, వాళ్ళలో ఐడియాలు లేనివాళ్ళు దాదాపు ఎవరూ లేరు, ఐడియాలు ఎక్కువై కూర్చున్నోళ్ళే.

ఇట్టా ఊహ ఆగిపోవడాన్ని అందరూ బ్లాక్ బ్లాక్ అంటారు గాని చెయ్యి ఎక్కడ ఆగిందో చూసుకోవాలండీ ముందు. కత్తిరించకముందే ఆగిందా, సగం కుట్టాక ఆగిందా, పెద్దదొకటి పూర్తయ్యాక ఆగిందా. మూడింటికీ చెయ్యాల్సింది వేరు. మీది మొదటి రకం కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తున్నా, మిగతా రెండూ కింద కాస్త కాస్త.

కత్తిరించకముందే ఆగిపోవడం. దీనికి నాకు తెలిసి రెండే కారణాలు. ఒకటి, గుడ్డ మరీ మంచిది. రెండు, మనసులో ఉన్న బొమ్మ మరీ పెద్దది. కొత్త గుడ్డ కొన్నప్పుడూ, ఫోన్లో ఒక బొమ్మ సేవ్ చేసుకున్నప్పుడూ ఏదో పని చేసినట్టే ఉంటుంది, ఆ తృప్తితోనే ఆ రోజు గడిచిపోద్ది, కుట్టాలన్న ఆకలి అక్కడే తీరిపోద్ది. అందుకని నేను చెప్పేది ఏందంటే ఒక నెల కొత్త గుడ్డ కొనొద్దు, పిన్‌టరెస్ట్ తెరవొద్దు. కష్టంగానే ఉంటుంది, నాకు తెలుసు.

గుడ్డ మంచిదైతే భయం కాబట్టి భయం లేని గుడ్డతో మొదలుపెట్టండి. మీ వీధిలో లేడీస్ టైలరు ఉంటారుగా, ఆయన్నడిగితే జాకెట్లు కత్తిరించగా మిగిలిన ముక్కలు సంచి నిండా ఇస్తారు, మా టైలరయితే తీసుకుపోతే చాలమ్మా అంటాడు. టూబైటూ ముక్కలు, లైనింగ్ ముక్కలు, పట్టు చివరలు అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఇంటికి తెచ్చాక ముందు పోగులు పెట్టండి. ఏది కాటనో తెలియకపోతే రెండు దారాలు లాగి సింకు దగ్గర అగ్గిపుల్లతో వెలిగించి చూడండి, కాటనయితే కాగితంలాగా కాలి బూడిదవుద్ది, పాలిస్టరయితే కరిగి గట్టి గుండు కడద్ది. ఇది ఎందుకంటే రెండూ పక్కపక్కన కుట్టి ఇస్త్రీ పెడితే పాలిస్టరు ముడుచుకుపోద్ది, అప్పుడు మళ్ళీ మూడ్ పోయిందంటారు. ఎరుపూ నీలం ముక్కల్ని తడి తెల్లగుడ్డ మీద పెట్టి వేడిగా ఇస్త్రీ చేసి చూడండి, రంగు అంటితే వాటిని ఉతికి గాని వాడొద్దు. ఈ పోగులు పెట్టే పనిలోనే సగం మందికి చెయ్యి కదలడం మొదలవుద్ది, ఎందుకంటే ఒక ముదురాకుపచ్చ ముక్క పక్కన పసుపు ముక్క దానంతటదే వచ్చి పడుద్ది, మీరు చూస్తారు, అంతే.

మూడు రంగులే అని ఎందుకంటున్నానంటే, చీరాల తేలియా రుమాలు ఎప్పుడన్నా చేత్తో పట్టుకున్నారా? (చీరాల ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి పోయింది, మొన్న 2022 దాకా ప్రకాశమే.) నూలుని నూనెలో, బూడిద నీళ్ళలో నానబెట్టి పిసికి, దారానికే ముడులు కట్టి రంగు అద్ది నేసేవాళ్ళు. రంగులు ఎన్ని అంటారు, ఎరుపు, నలుపు, తెలుపు. అంతే. ఆ మూడింటితోటే ఎన్ని రకాల డిజైన్లు తీశారో చూస్తే మన బీరువాలో పేరుకుపోయిన రంగులన్నీ ఎందుకా అనిపిస్తుంది. చాయిస్ తగ్గితే చెయ్యి కదులుద్ది, ఇది నేను మనస్ఫూర్తిగా నమ్మే మాట.

అమెరికాలో అలబామాలో గీస్ బెండ్ అని ఒక ఊరుంది, అక్కడి నల్లజాతి ఆడవాళ్ళు పొలం పని బట్టలు చిరిగిపోతే ఆ గుడ్డలతోనే దుప్పట్లు కుట్టుకునేవాళ్ళు. 1972లో సియర్స్ అనే పెద్ద కంపెనీ వాళ్ళకి కార్డురాయ్ (గీతలు గీతలుగా ఉండే దళసరి గుడ్డ) దిండు గలీబులు కుట్టే కాంట్రాక్టు ఇచ్చింది. ఆ పనిలో మిగిలిన కార్డురాయ్ ముక్కలు ఊరంతా పంచుకున్నారు, దాంతో ఆ ఊరి క్విల్టుల తీరే కొన్నాళ్ళు మారిపోయింది, పెద్ద పెద్ద ముక్కలు, గట్టి రంగులు. తర్వాత 2002లో ఆ ఊరి క్విల్టుల్ని హ్యూస్టన్ మ్యూజియంలో గోడలకి తగిలించారు, 2006లో వాటి మీద పోస్టల్ స్టాంపులు కూడా వేశారు. వాళ్ళకి ఆ డిజైన్లు తెచ్చిపెట్టింది మిగిలిపోయిన గుడ్డ ముక్కలే, మన టైలరు సంచిలో ఉండేదీ అదే సరుకు.

గీత గియ్యకుండా ఎట్టా కుట్టాలి అంటారేమో. నేనయితే సిద్దీల కవంది (వాళ్ళు కుట్టే బొంత) పద్ధతి చెప్తా. సిద్దీలంటే కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా ఎల్లాపూరు, హలియాళ వైపు ఉండే, ఎప్పుడో ఆఫ్రికా నించి వచ్చినోళ్ళ సంతతి. వాళ్ళు క్విల్టుని అంచు నించి మొదలుపెట్టి లోపలికి కుట్టుకుంటా పోతారు. మీరు చెయ్యాల్సింది: పాత చీర గుడ్డ రెండు మడతలు కింద పరుచుకోండి, ఒక మూలన మొదటి ముక్క పెట్టి బయటి అంచులు లోపలికి మడిచి రన్నింగ్ కుట్టు వెయ్యండి. పక్క ముక్క దాని మడవని అంచుని కప్పేట్టు పెట్టండి, దాని అంచు మడవండి, అదే దారంతో కుట్టు కొనసాగించండి. నాలుగు పక్కలా తిరిగొచ్చాక లోపలి వరస, ఆ తర్వాత దాని లోపలిది, అట్టా తిరుగుతా తిరుగుతా నడిమికి చేరతారు. యాంకర్ దారం రెండు మూడు పోగులయితే కుట్టు పైకి కనపడి అందంగా ఉంటుంది. చివరికి నాలుగు మూలలా గుడ్డని త్రికోణంగా మడిచి కుట్టాలి, దాన్ని వాళ్ళు ఫులా అంటారు, ఫులా లేకపోతే క్విల్టు పూర్తయినట్టు కాదు వాళ్ళ లెక్కలో. ఇందులో అచ్చు, కొలబద్ద, ప్లాను ఏమీ లేవు, తర్వాతి ముక్క ఏదనేది అప్పటికప్పుడు తేల్చుకోవాల్సిందే, అదే మీకు మందు. మా ఇళ్ళలో బొంతకి చీరలు పరిచి ఆ చివర నించి ఈ చివరకి కుట్టుకుంటా పోయేవాళ్ళు, నడుం పడిపోయేది జేజికి. కవంది ఒళ్ళో పెట్టుకుని టీవీ చూస్తా కూడా కుట్టుకోవచ్చు.

ఇక ఆ వెంకటగిరి చీర సంగతి. ఇప్పుడే ముట్టుకోవద్దు, ఇట్టాంటి అడుగు ముక్కలు మూడు నాలుగు అయ్యాక దాని దగ్గరికి పోండి. పోయినప్పుడు ముందు చీరంతా మంచం మీద పరిచి మంచి వెలుతుర్లో ఫోటో తీసి పెట్టుకోండి. తర్వాత కిటికీకి అడ్డంగా పట్టుకుని చూడండి, అది చాలా సన్న నూలు, ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉంటే ఆ మడత గీతల వెంబడే చీలిపోయి ఉండొచ్చు. కొంగూ, జాందానీ బుటాలూ (నేతలోనే వేసిన పువ్వులు) కదిలించకుండా, నడుం దగ్గర లోపల దోపుకునే చివర నించి ఒక జానెడు తీసుకుని మొదలుపెట్టండి, అక్కడ పనితనం పెద్దగా ఉండదు, పోయినా బాధ లేదు. వెనక పల్చటి మల్లు గుడ్డ వేసి రెండూ కలిపి కుడితే నూలు జారదు. జరీ అంచు వాడేట్టయితే పాత జరీ వెండి మీద పూత కాబట్టి నల్లబడుద్ది, ఆ నలుపుని తోమి పోగొట్టకండి, అదే బాగుంటుంది నన్నడిగితే. కొత్త చీరల జరీ అయితే చాలావరకు ప్లాస్టిక్కే, వేడి ఇస్త్రీకి కరుగుద్ది, మధ్యలో గుడ్డ వేసి చెయ్యండి.

సరే, చెయ్యి కదిలింది అనుకుందాం, అప్పుడు నిజంగానే అడగొచ్చు, దేని మీద కుట్టాలి? దూరం పోవద్దండీ. ఎదురుగా ఉన్న ఒక్క వస్తువుని తీసుకుని దాన్నే మళ్ళీ మళ్ళీ చూడండి. నాకు బాగా పనికొచ్చినదాన్ని ఒకటి చెప్తా. ఒంగోలు పక్కన చీమకుర్తిలో తీసే బ్లాక్ గెలాక్సీ గ్రానైటు చూసే ఉంటారు, ఇక్కడ సగం ఇళ్ళల్లో వంటగట్టు అదే. నల్లరాయిలో బంగారు చుక్కలు, అవి బ్రాంజైట్ అనే ఖనిజం మెరుపులు. పొద్దున వంట చేసేటప్పుడు ఒక పక్క నించి చూస్తే కొన్ని చుక్కలు వెలుగుతాయి, రెండడుగులు జరిగితే అవి ఆరిపోయి వేరేవి వెలుగుతాయి. తడిగుడ్డతో తుడిస్తే నలుపు ఇంకా లోతుకి పోద్ది. ఇదంతా రోజూ మనం ఉల్లిపాయలు కోసే చోటే ఉంది. దాన్ని క్విల్టు చేద్దామని కూర్చుంటే మొదటి ప్రశ్న, నలుపంటే ఏ నలుపు? నల్ల పాప్లిన్ ఒక నలుపు, ఉతికి ఉతికి వెలిసిన లంగా గుడ్డ ఒక నలుపు, వెల్వెట్ ముక్క ఇంకో నలుపు. ఆ మూడూ పక్కపక్కన అతికితేనే రాయికి లోతొచ్చింది. చుక్కలకి జరీ అంచు ముక్కలు వాడాను, జరీ కత్తిరిస్తే పోగులు ఊడిపోతాయి కాబట్టి వెనక టైలర్లు కాలర్లకి వేసే పేస్టింగ్ క్యాన్వాస్ అతికించి అప్పుడు బియ్యపు గింజంత ముక్కలు చేశాను. నేర్చుకునేవాళ్ళు ఇదే చేస్తే చుక్కల్ని సమదూరంగా పెడతారు, అప్పుడది రాయిలాగా ఉండదు, చుక్కల చీరలాగా ఉంటుంది. గుప్పిట్లో వేసుకుని పైనించి చల్లండి, ఎక్కడ పడితే అక్కడే ఒక్కో కుట్టు వేసి కట్టెయ్యండి. రాయిలో గుంపులు గుంపులుగా ఉంటాయి, మధ్యలో ఖాళీలుంటాయి, గుప్పిట్లోంచి రాలినప్పుడు కూడా అట్టానే పడతాయి.

ఇట్టాంటివి మన చుట్టూ కొల్లలు. ఎండాకాలం ఇసకపల్లి వైపు ఉప్పు మడులు చూడండి, ఒక్కో మడి ఒక్కో రంగు, గట్లు గీతల్లాగా, అదంతా దేవుడు ముందే ముక్కలు చేసి పెట్టిన క్విల్టే. మార్కాపురం పలక రాయి పొరలు పొరలుగా ఊడొస్తుంది, బూడిద రంగులో ఎన్ని ఛాయలో. మొహర్రానికి మన నెల్లూరు స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకునే ఆడవాళ్ళ కొంగులు నీళ్ళ మీద తేలతా ఉంటాయే, అదొకటి. పొదలకూరు నిమ్మకాయల మార్కెట్టులో పచ్చ నించి పసుపుకి పోయే రాశులు. ఫోటో తియ్యండి తప్పులేదు, గాని ఫోటో చూసి కుట్టొద్దు. ఇంటికొచ్చాక గుర్తున్నదాంతో కుట్టండి, గుర్తుండనిది ఎట్టాగూ అక్కర్లేదు. చూసేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి చాలు: అన్నిటికంటే పెద్ద మచ్చ ఏది, అన్నిటికంటే ముదురు ఎక్కడ, కన్ను ముందు ఎక్కడ ఆగింది. పువ్వు రేకులు, ఆకు ఈనెలు లాంటి వివరాలు తర్వాత సంగతి, అసలు రాకపోయినా సరే.

సగంలో ఆగిపోవడం మీకింకా రాలేదు, వస్తుంది. అల్లూరు వైపు నించి నా దగ్గరికి నేర్చుకోడానికి వచ్చే ఒకావిడ ఆ ఉప్పు మడుల మీదే మొదలుపెట్టింది, గులాబీ, బిస్కెట్టు రంగు, మట్టి రంగు, అన్నీ అచ్చం అక్కడున్న రంగులే, సగం అయ్యాక ఏడుపొక్కటే తక్కువ, జీవం లేదక్కా అంటది. ఫోన్లో ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్ చెయ్యమన్నా. మొత్తం ఒకే బూడిద రంగు! రంగులు వేరేగాని లేత ముదురు తేడా ఎక్కడా లేదు. వాళ్ళ నాయన పాత పంచె చించి తెల్లటి ఉప్పు కుప్పలు రెండు పెట్టింది, గట్లకి ముదురు కాఫీ రంగు పట్టీలు వేసింది. అయినా ఇంకా ఏదో బిగుసుకుపోయినట్టే ఉంది, అప్పుడు నాలుగు ముక్కలుగా కత్తిరించి తిప్పి అతకమన్నా. గంట సేపు కత్తెర పట్టుకుని కూర్చుంది పాపం. కత్తిరించాక మాత్రం ఆ గట్లు ఒకదానికొకటి కలవకుండా ఎగుడుదిగుడుగా వచ్చి, అచ్చం మడుల్లో నడిచేటప్పుడు కనపడినట్టే వచ్చింది. అందుకని సగంలో ఆగితే ముందు ఫోటో, తర్వాత కత్తెర, మూలన పడెయ్యడం ఆఖర్న.

ఇంకో చిట్కా, గోడకి పాత ఉన్ని దుప్పటి ఒకటి మేకులు కొట్టి తగిలించండి, కాటన్ ముక్కలు గుండుసూదులు లేకుండానే దానికి అంటుకుంటాయి, వంటింట్లోకి పోతా వస్తా చూస్తా ఉంటే ఏది కుదరలేదో కంటికి తెలిసిపోద్ది. బల్ల మీద వంగి చూస్తే ఎప్పటికీ తెలీదు.

పెద్దది పూర్తయ్యాక వచ్చే ఖాళీని బ్లాక్ అనుకోవద్దు, నా మాటిని దాన్ని వదిలెయ్యండి. ఆ రోజుల్లో అంచు పట్టీలు కుట్టుకోండి, తగిలించడానికి వెనక కర్ర దూర్చే గుడ్డ గొట్టం కుట్టుకోండి, ఎవరికన్నా పురుడొస్తే చంటిబిడ్డకి ఒక బొంత కుట్టివ్వండి. చెయ్యి ఊరికే ఉండదు, తల ఊరికే ఉంటుంది. మెడ, మణికట్టు నొప్పి, కళ్ళజోడు పవరు ఇవి కూడా చూసుకోండి, సూదిలోకి దారం ఎక్కక విసుగొచ్చి మూడ్ లేదనుకునే వాళ్ళు ఉన్నారు, నవ్వులాట కాదు. కుట్టే కాదు, ఇష్టమైన తిండి, మాటలు, నిద్ర అన్నీ చెడిపోయి వారాల తరబడి అట్టానే ఉంటే మాత్రం అది క్విల్టు సమస్య కాదు, డాక్టరుకి చెప్పాల్సిందే.

ఒకరి డిజైన్ చూసి కుట్టడం తప్పా అని కూడా అడిగారు. నేర్చుకోడానికయితే నిక్షేపంగా కుట్టండి, కుట్టు ఎట్టా వేశారో చెయ్యితోనే తెలుస్తుంది. ప్రదర్శనకి పెట్టొద్దు, అమ్మొద్దు, అంతే. కిట్లు మాత్రం నాకు నచ్చవు, గుడ్డ వాళ్ళే కత్తిరించి రంగు వాళ్ళే కుదిర్చి పంపితే మనకి మిగిలేది సూది పని ఒక్కటే, మీకు ఇబ్బంది ఉన్నది సరిగ్గా ఆ ముందు పనిలోనే కదా.

టైము గురించి. ఇంటి పని మధ్యలో రోజుకి రెండు గంటలు కేటాయించండి అని చెప్పే వాళ్ళు వంట చెయ్యరనుకుంటా. పావుగంట చాలు. గాని మిషను మూతేసి బీరువా పక్కన పెట్టొద్దు, తీసి పెట్టుకోవడానికే ఆ పావుగంట పోద్ది. ఆపేటప్పుడు వరస పూర్తి చేసి ఆపకండి, మధ్యలో ఆపండి, తర్వాతి ముక్క ఏదో తెలిసి, అది పక్కన పెట్టుకుని, దారం తెంపకుండా. మర్నాడు కూర్చోగానే ఏం చెయ్యాలా అనే ప్రశ్న ఉండదు, చెయ్యి అక్కణ్ణించే అందుకుంటుంది. చేత్తో కుట్టేదయితే మడిచి ఒక బుట్టలో పెట్టండి, ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రం సూది తీసి డబ్బాలో వెయ్యండి, దారం కొసకి ముడి వేసి వదిలేస్తే సరిపోద్ది.